ఆ మడి ఎవరిది మాస్టారూ?

మా ఇంటికి తాతల్నాటి నుంచీ సెంటు భూమి లేదు. ఉన్నది ఒక కథ. మా ముత్తాత తమ్ముడొకాయన నాటాలు ఓడెక్కి పోయాడు. పేరు ఎవరికీ గుర్తులేదు. ఓడతాత అనే అంటాం. పోయిన చాన్నాళ్ళకి ఆయన దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చిందట. వాడలో అక్షరం ముక్క వచ్చినవాడు లేడు. ఊళ్ళోకి పట్టుకెళ్ళి ఒక పెద్దింటాయన అరుగు కింద నిలబడి చదివించుకున్నారట. ఆయన ఎంత చదివాడో ఎంత మింగాడో తెలీదు. మా నాయనమ్మ దాకా వచ్చేసరికి ఆ ఉత్తరంలో ఒక్క ముక్కే మిగిలింది: "నాకిక్కడ సొంత మడుంది."

ఆ ముక్కతోనే నాయనమ్మ మమ్మల్ని పెంచింది. మా అయ్య కంబారితనం చేసేవాడు. తక్కిన జిల్లాల్లో పాలేరంటారు, మా విజయనగరం వైపు కంబారి అంటాం. ఏడాదికింత అని మాట్లాడుకుని ఆసామి ఎద్దుల కంటే ముందు లేవడం, అవి పడుకున్నాక పడుకోవడం. చీకటి పడ్డాక ఆయన ఇంటికొచ్చి గోడకి జేరబడితే నాయనమ్మ అనేది: "మనకి భూవి లేదని ఎవులన్నార్రా? సముద్రానికవతలుంది." నేను నవ్వేవాణ్ణి కాదు. నమ్మేవాణ్ణి. పెద్దయ్యాక, ఉద్యోగం వచ్చాక కూడా నమ్మేవాణ్ణి. మా వంశంలో మొదటి డిగ్రీ నాదయితే మొదటి పట్టా ఓడతాతది అని నాలో నేను అనుకునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట తొమ్మిదో తరగతికి ఆఫ్రికాలో వలసపాలన గురించి చెబుతున్నాను. నల్లబల్ల మీద దక్షిణాఫ్రికా బొమ్మ గీసి, 1913 చట్టం నల్లవాళ్ళకి వదిలిన తావుల్ని సుద్దముక్కతో పూశాను. బొమ్మంతా నలుపు, అక్కడక్కడ తెల్ల మచ్చలు. రంగులు తిరగబడ్డాయని పిల్లలు నవ్వారు. ఆ ఊపులో ఓడతాత కథ కూడా చెప్పేశాను. మన జిల్లా మాలవాడ నుంచి పోయిన ఒక కుర్రాడు ఆ దేశంలో భూమి సంపాదించాడు తెలుసా అని. ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు తెలుసు. మూడో బెంచీలోంచి ఒక గుంట లేచింది. మా పక్క వాడ పిల్లే.

"ఆ మడి అంతకుముందు ఎవరిది మాస్టారూ?"

"కొనుక్కున్నాడమ్మా."

"ఎవరి దగ్గర?"

"ఎవరో తెల్లదొర దగ్గర."

"దొరకెక్కడిది?"

బెల్లు కొట్టారు. ఆ పూటకి బెల్లు నన్ను కాపాడింది. రేపు చెబుతాలే అన్నాను. ఆ రేపు రెండేళ్ళు సాగింది. ఇప్పుడు రాస్తున్నది ఆ పిల్లకి నేను పడ్డ బాకీ. పూర్తిగా తీరుతుందని అనుకోవడం లేదు.

ముందు ఆ చట్టం సంగతి చెప్పాలి. బ్రిటిష్ వాళ్ళూ బోయర్లూ కొట్టుకుని, తర్వాత కలిసిపోయి, 1910లో దక్షిణాఫ్రికా యూనియన్ అని ఒకటి కట్టుకున్నారు. మూడేళ్ళకి, 1913 జూన్ 19న, నేటివ్స్ లాండ్ యాక్ట్ వచ్చింది. దేశంలో మూడింట రెండొంతుల మంది నల్లవాళ్ళు. చట్టానికి చివర ఒక పట్టీ తగిలించి, ఈ పట్టీలో ఉన్న తావులే మీవి అన్నారు. అవి మొత్తం నేలలో సుమారు 7 శాతం. పట్టీకి బయట నల్లవాడు, తన జాతి కానివాడి దగ్గర భూమి కొనకూడదు, కౌలుకి తీసుకోకూడదు. పట్టీ లోపల తెల్లవాడు కొనకూడదని కూడా రాశారు. చూడ్డానికి రెండు వైపులా సమానం. ఊరివాళ్ళు వాడ బావిలో తోడుకోకూడదు, వాడవాళ్ళు ఊరి బావిలో తోడుకోకూడదు అన్నట్టు. ఇంకా కొంత భూమి కలుపుతాం, కమిషన్ వేస్తున్నాం అన్నారు. కమిషన్ 1916లో నివేదిక ఇచ్చింది. భూమి కలపడానికి చట్టం చేసేసరికి 1936 అయింది. అప్పుడు కూడా 13 శాతం దగ్గర ఆపేశారు.

అయితే నన్ను పట్టి కుదిపింది శాతాలు కాదు. ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే రాష్ట్రంలో అప్పటికి వేలాది నల్ల కుటుంబాలు తెల్లవాళ్ళ భూముల్లో సగపాలుకి చేసేవి. నేల దొరది. ఎద్దులు, నాగలి, విత్తనం, ఒళ్ళు వీళ్ళవి. పంటలో సగం వీళ్ళకి. ఒకప్పటి తమ నేలలో తామే పాలుకి చెయ్యడం అన్యాయమే. అయినా సొంత ఎద్దులున్నవాడి నడక వేరు. ఏ గింజ ఎప్పుడు వెయ్యాలో తానే అనుకుంటాడు. పెళ్ళాం తన పొలంలో వంగుతుంది, దొర వంటింట్లో కాదు. కొందరు బాగా పండించారు, మందలు పెంచారు. అది బీద తెల్లవాళ్ళకి కంట్లో కారమైంది. 1913 చట్టం ఆ రాష్ట్రంలో నల్లవాడికి సగపాలుని కాదంది. ఇక తెల్లవాడి నేల మీద ఉండాలంటే ఒకటే దారి. పనివాడుగా ఉండాలి.

అంటే రైతుల్ని కంబార్లని చేశారు. ఈ ఒక్క మాట అర్థం కావడానికి నాకు ఏ ప్రొఫెసరూ అక్కర్లేకపోయింది. మా అయ్యకి ఒకసారి రెండేళ్ళ పాటు కౌలుకి మడి దొరికింది. ఆ రెండేళ్ళూ ఆయన్ని ఊళ్ళో "ఒరే" అని పిలవడం ఎవరూ మానలేదు గానీ ఆయన పలికే తీరు మారింది. వరి గురించి ఆయనకి అభిప్రాయాలుండేవని నాకప్పుడే తెలిసింది. మూడో ఏడు ఆసామి మడి వెనక్కి తీసుకుని, కంబారిగా అయితే రా అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. బియ్యం లేక కాదు. ఉన్నాయి. వెలిగించలేదు. 7 శాతం అనేది పిల్లలకి పరీక్షలో రాయడానికి. సగపాలు పోవడం మాత్రం నా ఇంటి సంగతి.

ఆ కాలాన్ని కళ్ళారా చూసి రాసినవాడు సోల్ ప్లాట్జే. నల్లజాతి మనిషి, పత్రికా సంపాదకుడు. తర్వాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అని పేరు మార్చుకున్న సంస్థ 1912లో పుట్టినప్పుడు దానికి కార్యదర్శి. 1913 చలికాలంలో సైకిలేసుకుని ఫ్రీ స్టేట్ రోడ్ల మీద తిరిగాడు. మూడేళ్ళకి, 1916లో, 'నేటివ్ లైఫ్ ఇన్ సౌత్ ఆఫ్రికా' అచ్చయింది. బీయీడీ చదివే రోజుల్లో యూనివర్సిటీ లైబ్రరీలో ఆ పుస్తకం దొరికింది. పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. చట్టం వచ్చిన మర్నాడు తన జాతి ఏ స్థితిలో నిద్ర లేచిందో చెప్పడానికి ఆయన వాడిన మాట 'పరయా'. ఇంగ్లీషులో దానికి వెలివేసినవాడని అర్థం. మన పొరుగున తమిళనాట పరై డప్పు పేరుతో ఉన్న కులం అది. దక్షిణాఫ్రికాలో ఒక నల్లవాడు తన బాధకి పేరు వెతుక్కుంటే దొరికింది మా అన్నదమ్ముల కులం పేరు. ఆ మాట మీద వేలు పెట్టి ఎంతసేపు కూచున్నానో తెలీదు. లైబ్రరీ మూసేస్తున్నామని అటెండరు వచ్చి లేపాడు.

ఆ పుస్తకంలో ఒక కుటుంబం ఉంది. దొర ఆ మనిషిని, అతని పెళ్ళాన్ని, ఎద్దుల్ని కలిపి నెలకి 30 షిల్లింగుల కూలికి రమ్మన్నాడు. అంతకుముందు అతని రాబడి ఏడాదికి నూరు పౌండ్ల పైన. కాదన్నాడు. వెళ్ళిపొమ్మన్నారు. మేకల్ని తోలుకుని రోడ్డు మీద పడ్డారు. చూలు మేకలు దారిలో ఈనుతుంటే పిల్లలు పుట్టినవి పుట్టినట్టు చలికి పోయాయి. వాటిని నక్కలకి వదిలి నడిచారు. తర్వాత వాళ్ళ సొంత బిడ్డ కూడా పోయింది. ఎక్కడ పూడ్చాలి? రోడ్డుకి ఇటు దొర నేల, అటు దొర నేల. చీకటి పడేదాకా ఆగి, ఆ నేల యజమాని చూస్తాడేమోనని వణుకుతూ గొయ్యి తీసి దొంగతనంగా పాతిపెట్టారు. మా వాడ శ్మశానానికి ఈనాటికీ గట్ల మీద నుంచే దారి. చేను ఏపుగా ఉన్నప్పుడు శవాన్ని మోసే నలుగురికీ కాలు మోపే చోటు చాలదు, చేను తొక్కారని తిట్లు కూడా వినాలి. ఆ పేజీ నాకు పరాయి దేశంది కాదు.

ఇప్పుడు ఓడతాత.

నాటాల్లో మనవాళ్ళు ఎందుకు కావలసి వచ్చారు? నాటాల్ని బ్రిటిష్ వాళ్ళు 1843లో కలుపుకున్నారు. షెప్‌స్టన్ అనే అధికారి అక్కడి నల్లవాళ్ళకి 'లొకేషన్లు' అని కొన్ని చోట్లు గీసిచ్చాడు. మంచి నేల చాలావరకు తెల్లవాళ్ళకి పోయింది. తీరం వెంట చెరకు వేశారు. చెరకు నరకడానికి జులూలు కావాలి. వాళ్ళు రాలేదు. రాలేదంటే బద్ధకమని దొరలు రాసుకున్నారు. అసలు సంగతి వేరు. గుడిసె చుట్టూ నాలుగు గింజలు పండే చోటు, నాలుగు పశువులు ఉన్నవాడు పది షిల్లింగులకి ఎందుకొస్తాడు? భూమి ఉన్నవాడు అడిగిన కూలికి రాడు. అందుకని సముద్రం అవతల నుంచి భూమి లేనివాళ్ళని తెచ్చారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బను చేరింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా పోయారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు, చిత్తూరు వైపువాళ్ళు అందులో ఉన్నారు. అయిదేళ్ళ గిరిమిట్. మొదటేడు నెలకి 10 షిల్లింగులు, ఆపైన ఏడాదికో షిల్లింగు ఎక్కువ. గిరిమిట్ తీరాక తిరిగి రాకుండా అక్కడే ఉంటే ఏటా 3 పౌండ్ల పన్ను. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, మొదటేటి జీతంలో ఆరు నెలలది.

కాబట్టి ఓడతాత దోపిడీదారుడు కాదు. మెడ మీద కాడితో దిగాడు. కానీ ఆయన్ని ఎందుకు దింపారు? జులూవాడు తన భూమి అండతో 'రాను' అనగలుగుతున్నాడు. ఆ 'రాను' విలువ తగ్గించడానికి దింపారు. ఇది ఆయనకి తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. మా ఊళ్ళో కూలి రేటు పెంచమని వాడంతా పని మానేసినప్పుడు ఆసాములు లారీలో పక్క మండలం వాళ్ళని దింపేవారు. వాళ్ళూ మావాళ్ళే, మాలలే, మాకంటే బీదవాళ్ళు. వాళ్ళని మేం తిట్టేవాళ్ళం. ఓడతాత ఆ లారీలో వచ్చినవాడు. ఆ పోలిక తట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

నాయనమ్మ చెప్పిన లెక్క ప్రకారం ఆయన 1908 ప్రాంతంలో పోయాడు. అంటే గిరిమిట్ తీరేసరికి 1913. అదే ఏడు. ఆ ఏడు చివర నాటాల్లో బొగ్గు గనులూ చెరకు తోటలూ వదిలి వేలాది భారతీయ కూలీలు సమ్మె చేశారు. గాంధీ నాయకత్వం. 1914లో 3 పౌండ్ల పన్ను పోయింది. గాంధీ పత్రిక 'ఇండియన్ ఒపీనియన్' 1913 భూమి చట్టాన్ని ఖండిస్తూ రాసింది, అది ఒప్పుకోవాలి. కానీ సమ్మె మాత్రం మనవాళ్ళ పన్ను కోసమే. నేల పోయినవాడూ పన్ను కట్టలేనివాడూ ఒకే ఏడు, ఒకే దేశంలో, వేరువేరు రోడ్ల మీద నడిచారు.

ఇక మడి. చట్టాన్ని మళ్ళీ చదివాను, ఈసారి ఓడతాత కోసం. పల్లెపట్టు భూమిని నల్లవాడు తెల్లవాడి దగ్గర కొనకూడదు. భారతీయుడు కొనొచ్చా? నాటాల్లో అప్పటికి కొనొచ్చు. మనవాళ్ళ కొనుగోళ్ళకి గట్టిగా అడ్డుకట్ట వేసింది తర్వాత, 1943, 1946 చట్టాలతో. అంటే ఆ రోజుల్లో ఒక దొర తన భూమిలో ముక్క అమ్మకానికి పెడితే, దాని పక్క లొకేషన్లో పుట్టి పెరిగిన జులూవాడు డబ్బు పట్టుకొచ్చినా కొనడానికి వీల్లేదు. మా ఓడతాత కొనడానికి వీలుంది. ఆయన కొన్నాడు. చెమటోడ్చి, అణా అణా దాచి, న్యాయంగా కొన్నాడు. కొనగలగడానికి మాత్రం ఒక అన్యాయం ఆయనకి సాయపడింది.

అంబేడ్కర్ చెప్పిన మెట్ల అసమానతను మనం ఎప్పుడూ కిందనుంచి పైకే చదువుకుంటాం. మన మీద ఎందరు కూచున్నారని. నా మెట్టు కింద ఎవరైనా ఉన్నారా అని చూసుకోవడం మనకి అలవాటు లేదు. ఇక్కడ కింద ఎవరూ లేరనుకుంటాం కాబట్టి. అది కూడా నిజం కాదు, మా వైపు రెల్లివాళ్ళని అడిగితే మా గురించి చెబుతారు.

డర్బను పక్క కేటో మేనర్ అని ఒక చోటుంది. గిరిమిట్ తీరిన మనవాళ్ళు అక్కడ కూరగాయల మళ్ళు చేసుకున్నారు, కొందరు భూమి కొన్నారు. పట్నంలో పనికొచ్చిన నల్లవాళ్ళకి ఉండడానికి చోటు లేదు. మనవాళ్ళ భూముల్లో అద్దెకి రేకుల గుడిసెలు వేసుకున్నారు. అద్దె మనవాళ్ళు వసూలు చేశారు. దుకాణాలూ బస్సులూ చాలావరకు భారతీయులవే. ఓడతాత మడి అక్కడే ఉందని నేననడం లేదు, నాకు తెలీదు. 1949 జనవరిలో పట్నంలో ఒక భారతీయుడు ఒక నల్ల పిల్లాణ్ణి కొట్టాడు. దాంతో మొదలై ఇళ్ళు తగలబడ్డాయి, 142 మంది చచ్చిపోయారు. చచ్చినవాళ్ళలో ఆఫ్రికన్లే ఎక్కువ. ఏటి తేలింది? గ్రూప్ ఏరియాస్ చట్టం 1950లో వచ్చింది. 1958లో కేటో మేనర్ తెల్లవాళ్ళ ప్రాంతమని ప్రకటించారు. అద్దె వసూలు చేసినవాణ్ణి చాట్స్‌వర్త్‌కీ, అద్దె కట్టినవాణ్ణి క్వామాషూకీ తోలేశారు.

ఈ వ్యాసం రాస్తానంటే మా సంఘం మిత్రుడొకాయన వద్దన్నాడు. "మనవాళ్ళు బానిసలుగా పోయారు. నేల దోచింది తెల్లవాడు. నువ్వు మనవాడి వైపు వేలు చూపిస్తే ఇక్కడి పెత్తందార్లకి సందు దొరుకుతుంది. మీకు సందొస్తే మీరూ అంతే కదా అంటారు" అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. అంటారు. కానీ ఆ ప్రశ్న వేసింది పెత్తందారు కాదు, వాడ పిల్ల. 'నీకెక్కడిది?' అనేది ఊరి మీద మనం వేసే ప్రశ్న. మన దాకా వచ్చేసరికి దాన్ని నోరు మూయిస్తే రేపు ఊరి మీద వెయ్యడానికి మనకి నోరెక్కడిది? ఇంకో మాట కూడా ఆయనతో అన్నాను. నేరం వేరు, బాకీ వేరు. ఓడతాత నేరం చెయ్యలేదు. ఫ్రీ స్టేట్ దొరనీ ఆయన్నీ ఒకే బోనెక్కించేవాడితో నేను పోట్లాడతాను. కానీ నేరం చెయ్యనివాడికి కూడా బాకీ ఉండొచ్చు. అది నాకు మా అయ్య దగ్గర తెలిసింది.

నేను ఆరో తరగతిలో ఉండగా అయ్య సంతలో ఒక ఆడమేకని కొన్నాడు. ఇంటికి వచ్చిన మొదటి సొత్తు అది. నెల తిరక్కుండా నాలుగూళ్ళ అవతల నుంచి ఒక ముసలాయన వెతుక్కుంటూ వచ్చాడు. తన మేక పోయిందన్నాడు. ఎడమ చెవికి రెండు కోతలుంటాయని, చూడకముందే చెప్పాడు. ఉన్నాయి. నాయనమ్మ ఒప్పుకోలేదు. డబ్బిచ్చి కొన్నాం, అమ్మినోణ్ణి పట్టుకో పో అంది. వాడలో అందరూ అదే అన్నారు. అయ్య తాడు విప్పి ఆయన చేతికిచ్చాడు. డబ్బు పోయింది. అమ్మినవాడు మళ్ళీ ఆ సంతలో కనపళ్ళేదు. ఎందుకిచ్చావని అమ్మ ఏడిస్తే, "సెవి కోసింది ఆడు కదా" అన్నాడు, అంతే.

భూమికి చెవి ఉండదు. అక్కడే చిక్కు. ఎవరు కోశారో చూపించే కాగితం ఎప్పుడూ దొంగ దగ్గరే ఉంటుంది. కాస్ మైనే అని ట్రాన్స్‌వాల్ పడమటి దిక్కున సగపాలు చేసుకుని బతికిన నల్ల రైతు ఉండేవాడు. చట్టం ఎన్ని అడ్డంకులు పెట్టినా దొర నుంచి దొరకి మారుతూ వ్యవసాయం చేశాడు, 1985లో చనిపోయాడు. చార్లెస్ వాన్ ఆన్సెలెన్ అనే చరిత్రకారుడు ఆయన జీవితం రాశాడు, 1996లో వచ్చింది. అంత రైతుకి సర్కారు దస్త్రంలో దొరికిన జాడ ఒక్కటే: 1931లో కుక్కకి లైసెన్సు చూపించలేకపోతే 5 షిల్లింగుల జరిమానా. పండించిన మూటల లెక్క సర్కారు దగ్గర లేదు. కుక్క ఉంది.

1994లో నల్లవాళ్ళకి ఓటొచ్చింది, మండేలా అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడే పోయిన భూమి తిరిగి ఇప్పించే చట్టం చేశారు. అందులో ఒక తారీఖు పెట్టారు. 1996 రాజ్యాంగంలోనూ అదే తారీఖు. 1913 జూన్ 19. ఆ రోజు తర్వాత జాతి వివక్ష చట్టాల వల్ల భూమి పోయినవాళ్ళు, వాళ్ళ వారసులు, దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందు పోయినదానికి దరఖాస్తు లేదు. 1998 డిసెంబరు 31 గడువు నాటికి 80 వేల దాకా దరఖాస్తులొచ్చాయి. పట్నాల్లో చాలామంది భూమికి బదులు డబ్బు తీసుకున్నారు.

ఆ తారీఖు దొంగ వేసిన తారీఖు. 1913కే నేలలో ఎక్కువ భాగం యుద్ధాల్లో, ఒప్పందాల పేరుతో పోయింది. ఆ చట్టం పోయినదానికి తాళం వేసింది. తాళం వేసిన రోజు నుంచి లెక్క కడతాం అంటే తాళం లోపలి సొత్తు ఎవరిది? ఇప్పుడు మా మడి దగ్గరకి రండి. కేటో మేనర్లో 1958 తర్వాత భూమి పోగొట్టుకున్న భారతీయ యజమానులు ఈ చట్టం కింద దరఖాస్తులు పెట్టుకున్నారు. వాళ్ళకి అన్యాయం జరిగింది, పెట్టుకోవాల్సిందే. ఓడతాత మనవలుంటే, వాళ్ళ మడీ అలా పోయుంటే, వాళ్ళూ పెట్టుకుని ఉంటారు. వాళ్ళ దగ్గర పట్టా ఉంది, తారీఖు 1913కి ఇవతల ఉంది. ఆ మడి మీద అంతకుముందు పశువులు మేపుకున్న జులూవాడి మనవడి దగ్గర పట్టా లేదు, అతనికి నేల పోయింది 1840లలో. అతనికి కౌంటరు లేదు.

తారీఖు పెట్టినవాళ్ళు దుర్మార్గులని నేననను. వాళ్ళలో జైళ్ళకెళ్ళొచ్చినవాళ్ళున్నారు. వెనక్కి పోతే ఎక్కడ ఆగాలి అన్నది వాళ్ళ ప్రశ్న. షాకా కాలంలో జులూలు ఇతరుల్ని తరిమారు. అందరికంటే ముందున్న సాన్, ఖోయ్ జనాల భూమి అందరూ తొక్కారు. ఒకే కొండని నాలుగు తెగలు మాదంటే మాదంటాయి, మళ్ళీ రక్తం కారుతుంది అన్నారు. ఇది తీసిపారేసే మాట కాదు. ఆఫీసుకి ఒక తారీఖు కావాలి, నేను సర్కారు ఉద్యోగిని, నాకు తెలుసు. అయితే తెల్లవాడు కూడా ఇదే మాటని వేరే గొంతుతో అంటాడు: అందరూ ఎవరిదో తీసుకున్నవాళ్ళే కదా, నన్నొక్కణ్ణే అడుగుతారేం? తేడా ఉంది. షాకా గెలిచి, ఓడినవాళ్ళని చాలామందిని తన జనంలో కలుపుకున్నాడు. నీ ఒంటి రంగు ఇది కాబట్టి నువ్వూ నీ పిల్లలూ ఎప్పటికీ కొనకూడదని రాసింది 1913 చట్టం. 2017లో వాళ్ళ ప్రభుత్వం వేసిన లెక్కలో, వ్యక్తుల పేరున ఉన్న వ్యవసాయ భూమిలో తెల్లవాళ్ళది 72 శాతం, ఆఫ్రికన్లది 4 శాతం. ఇంకో అంకె కూడా ఉంది, దాన్ని క్లాసులో చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. భారతీయులది 5 శాతం. ఆ 5 శాతంలో సెంటు లేని భారతీయులే ఎక్కువమంది ఉంటారు, అది వేరే సంగతి. అయినా 5 అనేది 4 కంటే ఎక్కువ.

నా నమ్మకం ఒకటే. తారీఖు దరఖాస్తుకి సరిపోతుంది, మనిషికి సరిపోదు. ఓడతాత మనవలు మడి ఇచ్చెయ్యాలా, దాని మీద వచ్చే దాంట్లో భాగం పెట్టాలా, కొత్త చట్టం కోసం జులూవాడితో కలిసి నిలబడాలా, నేనిక్కడ కూచుని తేల్చలేను. వాళ్ళు ఆ పట్టా చూసుకునేటప్పుడల్లా అది ఎక్కడ మొదలయిందో కూడా చూసుకోవాలని మాత్రం అనగలను. నేను కూడా చూసుకోవాలి. ఆ మడితో నాకు ముప్పయ్యేళ్ళు కడుపు నిండింది, గింజ తినకపోయినా.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అయ్యనడిగాను. "ఆ మేక మనింట మూడీతలు ఈనాక ఆ ముసలాయన వచ్చుంటే ఇచ్చీవోడివా?"

అయ్య ఆలోచించాడు. "పిల్లలు మన గడ్డి తిన్నాయి కదా."

"అంటే ఇవ్వవా?"

"పిల్లల సంగతి కూకుని మాటాడుకుంటాం. తల్లి ఆడిది."

"ఆ ముసలాయన సచ్చిపోయుంటే?"

"ఆడికి పిల్లల్లేరేటి?"

అప్పుడు ఓడతాత మడి సంగతంతా చెప్పాను. జులూవాళ్ళ సంగతి, లారీలో దింపిన కూలీల సంగతి, ఆ పిల్ల అడిగిన సంగతి. అయ్య బీడీ ఆరిపోయినా చేతిలో పట్టుకునే విన్నాడు. గోడ మీది నాయనమ్మ ఫొటో వైపు చూశాడు. "ముసిల్ది పోయాక సెప్పినావు, అదే నయం" అన్నాడు. కాసేపాగి, "ఆ గుంట ఎవులి పిల్లరా?" అని అడిగాడు.